సముద్రం అడుగు కొలిచిన కూలివాని కొడుకు

కెప్టెన్ జేమ్స్ కుక్ పేరు మీలో చాలామంది పాఠశాలలోనే విని ఉంటారు. ఓడలో లోకం చుట్టివచ్చినవాడని, ఆస్ట్రేలియా తూర్పు తీరాన్ని యూరపువారికి తెలియజేసినవాడని, చివరకు హవాయి దీవుల్లో హతుడయ్యాడని మాస్టారు చెప్పే ఉంటారు. అదంతా నిజమే. అయితే ఆ మహా ప్రయాణాలలో మొదటిదానికి బయలుదేరేనాటికి అతని వయసు దాదాపు 40 సంవత్సరాలు. అంతవరకు అతడేం చేస్తున్నాడు? కెప్టెన్ హోదా కూడా లేని ఒక కూలివాని కొడుకును పిలిచి ఇంగ్లాండు నౌకాదళం అంతటి బాధ్యత ఎందుకు అప్పగించింది? పాఠ్యపుస్తకాలు సాధారణంగా దాటవేసే సంగతి ఇది. అతడు సముద్ర పటాలు గీసేవాడు. ఆ పనిలో ఆనాడు అతనికి సాటి రాగలవారు బహు కొద్దిమంది. ఈ వారం ఆ పని గురించీ, ఆ మనిషి గురించీ మీతో నాలుగు మాటలు చెప్పుకుంటాను.

ముందుగా ఒక విషయం గమనించండి. నేల మీది పటం వేరు, సముద్ర పటం వేరు. నేల పటంలో ఊళ్ళు, దారులు, ఏరులు చూపిస్తే సరిపోతుంది. అవన్నీ కంటికి కనిపించేవే. సముద్ర పటం కంటికి కనిపించని దానిని చూపించాలి. నీళ్ళ కింద బండ ఎక్కడ పొంచి ఉంది, ఇసుక తిప్ప ఎంతవరకు సాగింది, ఇక్కడ ఎన్ని బారల లోతు, అడుగున లంగరు పట్టుకునే బురద ఉందా లేక లంగరు జారిపోయే రాయి ఉందా, పోటు ఏ వేళకు ఎక్కుతుంది, పాటు ఏ వేళకు తీస్తుంది అనేవన్నీ అందులో ఉండాలి. మీరు తీరపు విచారణలకు చెందినవారైతే ఇది మీకు వేరే చెప్పనక్కరలేదు. వేటకు వెళ్ళే పెద్దలకు తమ ఊరి మొగలో తిప్ప ఎక్కడుందో, ఒడ్డున ఏ చెట్టును గుర్తు పెట్టుకుని పడవ నడపాలో తెలుసు. కాని ఆ తెలివి వారి తలలోనే ఉంటుంది. దూరదేశం నుంచి వచ్చిన ఓడకు అది అందదు. ఆ తెలివిని కాగితం మీదికి ఎక్కించి, ఆ తీరాన్ని ఎన్నడూ చూడని మనిషి చేతిలో పెట్టడమే సముద్ర పటం చేసే పని.

ఆ కాగితం తప్పయితే ఏమవుతుంది? 1707 అక్టోబరులో ఒక ఇంగ్లీషు నౌకాదళం యుద్ధం ముగించుకుని ఇంటికి తిరిగివస్తూ, తామెక్కడ ఉన్నామో తప్పుగా లెక్కగట్టి, తమ దేశపు సిల్లీ దీవుల రాళ్ళకే కొట్టుకుంది. ఒక్క రాత్రిలో నాలుగు ఓడలు, వెయ్యిమందికి పైగా మనుషులు సముద్రం పాలయ్యారు. శత్రువు ఎవరూ లేరు. ఇంటి గుమ్మంలోనే ప్రాణాలు పోయాయి.

ఆ ఘోరం జరిగిన 21 సంవత్సరాల తరువాత, 1728 అక్టోబరు 27న, ఇంగ్లాండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో మార్టన్ అనే పల్లెలో జేమ్స్ కుక్ జన్మించాడు. తండ్రి పేరు కూడా జేమ్సే. స్కాట్లండు నుంచి వలస వచ్చిన వ్యవసాయ కూలి. తల్లి గ్రేస్. బిడ్డకు ఎనిమిదేండ్ల వయసులో కుటుంబం దగ్గరలోని గ్రేట్ ఏటన్ గ్రామానికి మారింది. తండ్రి పనిచేసే భూమి యజమాని స్కాటో అనే పెద్దమనిషి, కుర్రవాడి చురుకుదనం చూసి బడి ఫీజు తానే కట్టాడు. చదువన్నది అక్కడికే. కాస్త రాత, కాస్త లెక్కలు. 1745లో స్టెయిథ్స్ అనే రేవు పల్లెలో ఒక కిరాణా, బట్టల కొట్టులో పనికి పెట్టారు. కొట్టు తలుపు తీస్తే ఎదురుగా సముద్రమే. ఏడాదిన్నరకే పొట్లాలు కట్టే పని వదిలి, విట్బీ రేవులో జాన్ వాకర్ అనే ఓడల యజమాని దగ్గర శిష్యరికానికి కుదిరాడు. వాకర్ క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందినవాడు, మాటకు కట్టుబడిన మనిషి. శీతకాలంలో ఓడలు రేవులో ఆగినప్పుడు కుర్రవాళ్ళంతా వాకర్ ఇంట్లోనే ఉండేవారు. రాత్రిపూట మిగతావాళ్ళు కబుర్లలో ఉంటే కుక్ లెక్కల పుస్తకం పట్టుకునేవాడట. ఆ ఇంటి పెద్ద పనిమనిషి ప్రత్యేకంగా అతనికొక బల్ల, కొవ్వొత్తులు ఏర్పాటు చేసేదని విట్బీవారు చెప్పుకుంటారు.

వాకర్ ఓడలు మోసేది బొగ్గు. ఉత్తరాన న్యూకాసిల్ నుంచి లండనుకు బొగ్గు చేరవేసే ఆ దారి ఇంగ్లాండు మొత్తంలో చెడ్డ తీరమని పేరుపడింది. ఇసుక తిప్పలు స్థలం మారుతుంటాయి, మంచు కమ్ముతుంది, దీపస్తంభాలు తక్కువ, ఉన్న పటాలు నమ్మదగినవి కావు. అడుగడుగునా సీసపు గుండు దించి లోతు చూసుకుంటూ పోవడమే మార్గం. తప్పుడు పటం మనిషిని ఎలా ముంచుతుందో కుక్ నేర్చుకున్నది పుస్తకంలో కాదు, ఈ బొగ్గు ఓడల మీద.

1755లో వాకర్ అతనికొక ఓడను అప్పగిస్తానన్నాడు. 26 ఏండ్ల కూలివాని కొడుక్కి అది మామూలు అవకాశం కాదు. కుక్ దానిని కాదని లండను వెళ్ళి, రాజుగారి నౌకాదళంలో మామూలు నావికునిగా పేరు రాయించుకున్నాడు. ఎందుకలా చేశాడో ఎక్కడా స్పష్టంగా రాసిపెట్టలేదు. యుద్ధం రాబోతున్నది, నైపుణ్యం ఉన్నవాడికి అక్కడ త్వరగా ఎదుగుదల ఉంటుందని అనుకుని ఉండవచ్చునని నా ఊహ. అనుకున్నట్టే రెండేండ్లలో పరీక్ష నెగ్గి మాస్టర్ అయ్యాడు. మాస్టర్ అంటే ఓడకు దారి చూపే మనిషి. ఓడ ఎక్కడుందో లెక్కగట్టి సురక్షితంగా నడిపే భారమంతా అతని మీద ఉంటుంది. హోదా మాత్రం బంగారు గుండీల అధికారులకన్నా ఒక మెట్టు కింద.

1758లో ఇంగ్లీషువారు ఉత్తర అమెరికాలో ఫ్రెంచివారి లూయిస్‌బర్గ్ కోటను పట్టుకున్నారు. కోట లొంగిపోయిన మరునాడు, అంటే జూలై 27న, కుక్ దగ్గరలోని ఒక చిన్న తీరానికి వెళ్ళాడు. అక్కడ ఒక సైనికాధికారి మూడు కాళ్ళ పీట మీద నలుచదరపు బల్ల పెట్టి, దాని మీద కాగితం పరచి, ఒక పట్టీ వెంట దూరంగా ఉన్న గుర్తులను ఒక్కొక్కటిగా చూస్తూ గీతలు గీస్తున్నాడు. అతని పేరు శామ్యూల్ హాలండ్. ఏం చేస్తున్నారని కుక్ అడిగి తెలుసుకుని, నాకు నేర్పుతారా అని వేడుకున్నాడు. హాలండ్ సంతోషంగా ఒప్పుకున్నాడు. కుక్ పనిచేసే ఓడ కెప్టెన్ సిమ్‌కో అనే విద్యావంతుడు. అతడు కూడా ఉత్సాహపడి, గణితం, ఖగోళం పుస్తకాలు తెచ్చి ఇచ్చాడు. ఆ చలికాలం హాలిఫాక్స్ రేవులో ముగ్గురూ ఓడ గదిలో కూర్చుని పటాలు తయారుచేశారు. ఎన్నో ఏండ్ల తరువాత, 1792లో, హాలండ్ ఆ కెప్టెన్ కుమారునికి రాసిన ఉత్తరం వల్ల ఈ కథ మనదాకా వచ్చింది. లేకపోతే ఎవరికీ తెలిసేదే కాదు.

ఆ బల్లలో అంత విశేషం ఏముందని మీరడగవచ్చు. అంతకుముందు ఓడవాళ్ళు పటం గీసే తీరు ఇలా ఉండేది: ఓడ తీరం వెంట పోతుంటే, పైనుంచి చూస్తూ, దిక్సూచితో ఈ కొండ ఫలానా దిక్కున ఉందని రాసుకుని, దూరం కంటి అంచనాతో వేసుకునేవారు. ఓడ కదులుతుంటుంది, ప్రవాహం పక్కకు లాగుతుంటుంది. కాబట్టి తప్పుల మీద తప్పులు పేరుకునేవి. హాలండ్ పద్ధతి భూమిని కొలిచే మోజణీదారు పద్ధతి. ముందు ఒడ్డున చదునైన చోట ఒక తిన్నని గీతను గొలుసుతో జాగ్రత్తగా కొలుస్తారు. ఆ గీత రెండు కొనలనుంచి దూరపు కొండను చూసి కోణాలు తీస్తారు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే త్రికోణం మొత్తం తెలిసిపోతుందని మీ పదో తరగతి పిల్లలు కూడా చెబుతారు. కొండదాకా నడవకుండానే దాని దూరం దొరుకుతుంది. ఆ త్రికోణం భుజం మీద ఇంకొక త్రికోణం, దాని మీద మరొకటి. అలా తీరం పొడుగునా వల అల్లుకుంటూ పోతారు. ఇది నేల మీది సగం పని.

మిగతా సగం నీటి మీద. చిన్న పడవలో మనుషులు తెడ్లు వేస్తుంటారు. ఒకడు సీసపు గుండు కట్టిన తాడు దించి బారలు లెక్కిస్తాడు. మన బార లాంటిదే వాళ్ళ ఫాథమ్, ఆరడుగులు. గుండు అడుగున చిన్న గుంట ఉంటుంది. అందులో పశువుల కొవ్వు మెత్తుతారు. గుండు నేలను తాకి పైకి వచ్చేసరికి ఇసుకో, గవ్వ ముక్కలో, బురదో దానికి అంటుకుని వస్తుంది. ఏమీ అంటకపోతే అడుగున రాయి అన్నమాట. అదే క్షణంలో పడవలోని ఇంకొకడు ఒడ్డున ఉన్న గుర్తుల కోణాలు తీసి, ఆ లోతు సరిగ్గా ఏ చోటిదో పట్టుకుంటాడు. ఒక్కొక్క అంకెకు ఒకసారి తాడు దించాలి, లాగాలి. చలిలో, వానలో, చేతులు కొంకర్లు పోతుంటే, వేలసార్లు. నేలమీది త్రికోణాలనూ, నీటిలోని లోతులనూ ఇలా ఓపికగా ఒకదానికొకటి ముడిపెట్టడమే కుక్ పటాల బలం.

1759లో ఈ విద్య యుద్ధానికి పనికివచ్చింది. పునీత లారెన్సు పేరుగల మహానది వెంట పైకి పోతే ఫ్రెంచివారి కెబెక్ నగరం వస్తుంది. నగరానికి దిగువన ఒక దీవి దగ్గర నది దారి బండలతో, తిప్పలతో వంకరలు తిరుగుతుంది. ఫ్రెంచివారు దారి గుర్తులన్నీ తీసివేసి, పెద్ద యుద్ధనౌకలు ఇక రాలేవని ధీమాగా ఉన్నారు. కుక్, మరికొందరు మాస్టర్లు పడవలేసుకుని లోతులు కొలిచి దారి గుర్తించారు. ఆ జూన్ నెలలో 200 దాకా ఓడలు పెద్ద నష్టమేమీ లేకుండా పైకి సాగిపోయాయి. సెప్టెంబరులో నగరం లొంగిపోయింది. ఈ గెలుపును ఇంగ్లీషు పుస్తకాలు గొప్పగా వర్ణిస్తాయి. అయితే అదే దారిన వెళ్ళిన ఫిరంగులు ఆ జూలైలో కెబెక్‌లోని మరియమాత కతెడ్రల్ దేవాలయాన్ని కాల్చివేశాయి. బీదసాదల ఇళ్ళెన్నో బూడిదయ్యాయి. లోతు కొలిచిన తాడుకు ఆ పాపం అంటిందా లేదా అన్నది మీరే ఆలోచించండి. పటం ఎవరి చేతిలో పడితే వారికి దారి చూపుతుంది. పుస్తకాలిచ్చి ప్రోత్సహించిన కెప్టెన్ సిమ్‌కో మాత్రం ఆ నగరాన్ని చూడలేదు. మే నెలలోనే నిమోనియాతో మరణించగా సముద్రంలోనే సమాధి చేశారు.

యుద్ధం ముగిసింది. 1762 డిసెంబరు 21న కుక్ ఎలిజబెత్ బాట్స్ అనే యువతిని వివాహమాడాడు. ఆమె వయసు 20, అతనిది 34. పెళ్ళయిన నాలుగు నెలలకే మళ్ళీ ఓడ. న్యూఫౌండ్‌లాండ్ దీవి తీరాన్ని సర్వే చేయడానికి రోజుకు పది షిల్లింగుల జీతం మీద నియమించారు. ఆ దీవి చుట్టూ కాడ్ చేపల వేట కోట్ల విలువైన వ్యాపారం. దాని తీరమేమో పొగమంచులో మునిగిన రాళ్ళ కోట.

మొదటి పనిలోనే ఒక చిక్కు. 1763 పారిస్ ఒప్పందం ప్రకారం సెయింట్ పియర్, మికెలాన్ అనే రెండు చిన్న దీవులను ఫ్రెంచివారికి తిరిగి ఇచ్చేయాలి. ఇచ్చేలోగా వాటిని కొలిచి పటం తీయాలని కుక్‌కు ఉత్తరువు. అతడు చేరేసరికి ఫ్రెంచి గవర్నరు కూడా తన జనంతో ఓడలో వచ్చి కూర్చున్నాడు. ఇంగ్లీషు కెప్టెన్ డగ్లస్ ఏవేవో సాకులు చెబుతూ గవర్నరును ఓడ దిగనీయకుండా ఆపుతుంటే, ఒడ్డున కుక్ పగలనక రాత్రనక కొలతలు తీశాడు. పాపం ఆ వలస కుటుంబాలు రోజుల తరబడి ఎదురుగా నేలను చూస్తూ ఓడలోనే పడిగాపులు కాశాయి. కొలత పూర్తయ్యాకే దీవి అప్పగించారు.

మరుసటి ఏటినుంచి గ్రెన్‌విల్ అనే చిన్న ఓడ అతని చేతికి వచ్చింది. ఎండాకాలమంతా తీరం మీద, చలికాలమంతా లండనులో ఇంటి దగ్గర పటాలు శుభ్రంగా గీయడం. అయిదేండ్లు ఇదే జీవితం. 1764 ఆగస్టు 6న ఒక ప్రమాదం జరిగింది. చేతిలో పట్టుకున్న మందుగుండు కొమ్ము పేలి కుడిచేయి చీలిపోయింది. ఓడలో వైద్యుడు లేడు. గాయపడిన చేతితో దగ్గరలోని రేవుకు పరుగెత్తితే, అక్కడ చేపలకు వచ్చిన ఒక ఫ్రెంచి ఓడలో వైద్యుడు దొరికాడు. అయిదేండ్ల క్రితం ఎవరితో యుద్ధం చేశాడో ఆ దేశస్థుడే అతని చేతికి కట్టు కట్టాడు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ మొదలై పెద్ద మచ్చ మిగిలింది. ఈ మచ్చను గుర్తుంచుకోండి.

1766లో ఇంకొక మెట్టు పైకెక్కాడు. తీరం ఆకారం ఎంత చక్కగా గీసినా, ఆ తీరం భూగోళం మీద సరిగ్గా ఎక్కడుందో చెప్పకపోతే ఓడకు ప్రయోజనం సగమే. ఉత్తర దక్షిణాల లెక్క, అంటే అక్షాంశం, మధ్యాహ్నపు సూర్యుని ఎత్తునుబట్టి తెలుస్తుంది. తూర్పు పడమరల లెక్క, అంటే రేఖాంశం, ఆనాడు పెద్ద తలనొప్పి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. కాబట్టి ఒకే క్షణంలో ఇక్కడ టైమెంత, లండనులో టైమెంత అని తెలిస్తే, ఆ తేడానే రేఖాంశం. కాని సముద్రం మీద లండను టైము ఎవరు చెబుతారు? నాలుగు నిమిషాల పొరపాటుకు ఒక డిగ్రీ తప్పిపోతుంది. భూమధ్యరేఖ దగ్గర అది 100 కిలోమీటర్లకు పైమాటే. ఆ సంవత్సరం ఆగస్టు 5న సూర్యగ్రహణం వచ్చింది. కుక్ బర్జియో దీవుల్లో దిగి, గ్రహణం పట్టిన, విడిచిన వేళలను కచ్చితంగా గుర్తించాడు. అదే గ్రహణాన్ని ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డ్‌లో కూడా చూశారు. రెండు వేళలూ పోల్చి ఆ తీరపు రేఖాంశాన్ని లెక్కగట్టారు. ఈ వివరం లండనులోని రాయల్ సొసైటీకి చేరింది. బడి చదువు అయిదారేండ్లు కూడా లేని ఒక ఓడ మాస్టరు పేరు మొట్టమొదటిసారిగా పండితుల నోట నలిగింది. అతడు గీసిన న్యూఫౌండ్‌లాండ్ పటాలను వంద సంవత్సరాలకు పైగా ఓడలు వాడుకున్నాయి.

1769లో శుక్రగ్రహం సూర్యబింబానికి అడ్డంగా వెళ్ళబోతున్నది. దానిని దక్షిణ సముద్రాల నుంచి చూడడానికి ఓడ పంపాలని రాయల్ సొసైటీ కోరింది. నాయకత్వానికి వారు మొదట అనుకున్నది అలెగ్జాండర్ డాల్‌రింపుల్ అనే పండితుని. ఆయనకు మన దక్షిణాదితో సంబంధం ఉంది. 15 ఏండ్ల వయసులో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు వచ్చి, అక్కడే సముద్రపు దారుల మీద మోజు పెంచుకున్నాడు. తరువాతి కాలంలో ఇంగ్లాండు నౌకాదళానికి మొదటి సముద్ర పటాల అధికారి కూడా ఆయనే. (కంపెనీ తరఫున మన కోరమండల్ తీరాన్ని కొలిచిన మైకేల్ టాపింగ్ 1796లో మచిలీపట్నంలోనే కన్నుమూశాడు.) అయితే నౌకాదళానికి చెందని మనిషికి రాజుగారి ఓడ ఇవ్వబోమని పెద్దలు మొరాయించారు. అలా ఆ భారం కుక్ మీద పడింది. ఇచ్చిన ఓడ ఎండీవర్, విట్బీలో కట్టిన పాత బొగ్గు ఓడ. అడుగు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి తీరానికి దగ్గరగా పోవచ్చు. కుక్‌కు చిన్నప్పటినుంచి అలవాటైన రకమే.

1769 జూన్ 3న తహితి దీవిలో శుక్రుని చూశారు. ఆ దీవులనుంచి తుపాయా అనే పురోహితుడు, సముద్రం ఎరిగినవాడు, ఓడ ఎక్కాడు. అతని దగ్గర గొలుసు లేదు, బల్ల లేదు. నక్షత్రాలు, అలల వరుస, పక్షులు అతని పనిముట్లు. చుట్టూ ఉన్న దీవులను జ్ఞాపకం మీద చెప్పి ఒక పటం తయారుచేయించాడు. 74 దీవులు ఉన్న ఆ పటం నకలు ఈనాటికీ ఉంది. పాశ్చాత్యులకు అది చాలాకాలం సరిగా అర్థం కాలేదు. పండితులు ఇంకా దాని మీద వాదించుకుంటూనే ఉన్నారు. సముద్రాన్ని చదవడానికి ఒకే బడి లేదన్నమాట.

అక్టోబరులో న్యూజిలాండ్ చేరారు. మొదటి రెండు మూడు రోజుల్లోనే అక్కడి మావోరీ ప్రజలతో ఘర్షణ జరిగి కొందరు తుపాకులకు బలైపోయారు. ఆ నెత్తురు కుక్ చరిత్రలో తుడిచినా పోదు. ఆ తరువాత ఆరు నెలల్లో రెండు దీవులనూ చుట్టి, సుమారు 2,400 మైళ్ళ తీరాన్ని పటంలోకి ఎక్కించాడు. ఒడ్డున గొలుసు పరిచి కొలిచే తీరిక ఇక్కడ లేదు. కదిలే ఓడ మీదనుంచే, చార్లెస్ గ్రీన్ అనే ఖగోళ పండితునితో కలిసి చంద్రుని స్థానాన్నిబట్టి రేఖాంశం తేల్చుకుంటూ గీసుకుపోయాడు. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి వేరే ఉంది. పని ముగించి వెళ్ళేముందు కుక్ తన దినచర్యలో, ఈ పటంలో ఏ భాగాన్ని నమ్మవచ్చు, ఏ భాగాన్ని నమ్మరాదు, ఎక్కడ గాలి తోసేయడం వల్ల దగ్గరికి పోలేకపోయాము అనేది వివరంగా రాసిపెట్టాడు. సరిగా చూడని తీరాన్ని అందంగా కలిపేసి గీస్తే అడిగే నాథుడు లేడు. లోకం అవతలి అంచున ఎవరు తనిఖీ చేస్తారు? అయినా చూడనిది చూడలేదనే రాశాడు. తప్పులు లేవని కాదు. ఒక ద్వీపకల్పాన్ని దీవిగా, ఒక దీవిని ద్వీపకల్పంగా అనుకున్నాడు. దక్షిణ దీవి మొత్తం కాస్త తూర్పుకు జరిగింది. రెండో ప్రయాణంలో ఆ సంగతి బయటపడినప్పుడు దాచుకోలేదు, తన పటం తప్పిందని తానే రాసుకున్నాడు. 1772లో అక్కడికి వెళ్ళిన క్రోజే అనే ఫ్రెంచి నావికుడు కుక్ పటాన్ని పోల్చిచూసి, ఫ్రాన్సు తీరానికి కూడా తమ దగ్గర ఇంత మంచి పటం లేదేమోనన్నంతగా మెచ్చుకున్నాడు.

1770లో ఆస్ట్రేలియా తూర్పు తీరం. అతడు పెట్టిన పేర్లలో మన పంచాంగం కూడా కనిపిస్తుంది. పెంతెకోస్తు పండుగనాడు దాటిన జలసంధికి ఆ పండుగ పేరే పెట్టాడు. (ఓడలో తేదీ సరిదిద్దుకోలేదు కాబట్టి, ఇప్పటి లెక్కలో అది సోమవారం!) ఆ తరువాతి ఆదివారం కనిపించిన అఖాతానికి త్రిత్వైక సర్వేశ్వరుని పేరు పెట్టాడు. వెంటనే, జూన్ 11 రాత్రి పదకొండు గంటల వేళ, ఓడ పగడపు దిబ్బ మీదికి ఎక్కి కూర్చుంది. గుండు దించితే మంచి లోతు చూపింది, మరోసారి దించేలోగా ఢీకొట్టింది. ఫిరంగులతో సహా దాదాపు 50 టన్నుల సరుకు సముద్రంలో పారేశారు. 23 గంటల తరువాత ఓడ తేలింది. చిల్లులో ఒక పగడపు ముక్క ఇరుక్కుని ఉండబట్టి మునగలేదు. ఆగస్టులో ఉత్తరపు కొన చేరి, ఆ తీరమంతా ఇంగ్లాండు రాజుదని ప్రకటించాడు. స్థానికుల అంగీకారంతో చేయాలని అతనికిచ్చిన ఉత్తరువులోనే ఉంది. ఎవరినీ అడగలేదు. నీటిలోని రాయిని అంత నిజాయితీగా గుర్తించినవాడు, ఒడ్డున నిలుచున్న మనిషిని లెక్కలోకి తీసుకోకపోవడం ఎంత విచిత్రం!

తిరుగుదారిలో బటావియా రేవులో జ్వరాలు, విరేచనాలు ఓడను ఊడ్చేశాయి. తుపాయా పోయాడు, కొన్ని వారాలకు గ్రీన్ కూడా పోయాడు. 1771 జూలైలో కుక్ ఇల్లు చేరేసరికి నాలుగేండ్ల కూతురు మూడు నెలల క్రితమే చనిపోయిందని తెలిసింది. అతడు బయలుదేరిన రోజుల్లో పుట్టిన కొడుకు నెల తిరగకుండానే పోయాడు. ఆ రెండు సమాధుల దగ్గరా ఎలిజబెత్ ఒంటరిగానే నిలబడింది.

రెండో ప్రయాణం (1772-75) పటం మీదినుంచి ఒక ఖండాన్ని చెరిపివేయడానికి. దక్షిణాన జనంతో నిండిన ఒక మహా ఖండం ఉందని పండితులు తరతరాలుగా ఊహించి గీస్తూ వచ్చారు. డాల్‌రింపుల్ కూడా గట్టిగా నమ్మినవాడే. కుక్ మూడుసార్లు అంటార్కిటిక్ వలయాన్ని దాటి, 1774 జనవరి 30న 71 డిగ్రీల దాకా దిగి, మంచుగోడ చూసి వెనుదిరిగాడు. ఊహలోని ఖండం మాయమైంది. జాన్ హారిసన్ అనే వడ్రంగి కనిపెట్టిన సముద్ర గడియారానికి నకలు ఈసారి ఓడలో ఉంది. మూడేండ్లు ఎండకూ మంచుకూ తట్టుకుని అది లండను టైము చెప్పింది. రేఖాంశపు తలనొప్పి తీరింది.

మూడోది 1776లో. అమెరికా వాయవ్య తీరం, బేరింగ్ జలసంధి, మంచు. ఈ యాత్రలో కుక్ మారిపోయాడని తోటివారు గమనించారు. అలసట, కోపం, చిన్న దొంగతనాలకు కఠిన శిక్షలు. 1779 ఫిబ్రవరి 14న హవాయిలో ఒక పడవ దొంగిలించబడితే, అక్కడి రాజునే బందీగా తీసుకుపోవడానికి ఒడ్డుకు దిగాడు. జనం ఎదురు తిరిగారు. అక్కడే, నీటి అంచున, నలుగురు సైనికులతో పాటు కుక్ కూడా మరణించాడు. హవాయివారెందరో కూడా చనిపోయారు. కొద్ది రోజులకు వారు అతని అవశేషాలను మూటకట్టి ఓడకు తెచ్చి ఇచ్చారు. అది ఎవరిదో గుర్తించింది కుడిచేతిని చూసి. న్యూఫౌండ్‌లాండ్‌లో ఫ్రెంచి వైద్యుడు కట్టు కట్టిన ఆ మచ్చ చెక్కుచెదరలేదు. ఫిబ్రవరి 21న సముద్రంలో సమాధి చేశారు.

వార్త లండనుకు చేరేసరికి 11 నెలలు పట్టింది. ఎలిజబెత్‌కు అప్పుడు 38 ఏండ్లు. 16 సంవత్సరాల కాపురంలో భర్త ఇంట్లో ఉన్నది మొత్తం కలిపితే నాలుగేండ్ల పైచిలుకే. కనిన ఆరుగురు బిడ్డల్లో ముగ్గురు పసితనంలోనే పోయారు. మిగిలిన ముగ్గురు కొడుకుల్లో నథానియేల్ 16వ ఏట, 1780లో, తుఫానులో ఓడతో సహా మునిగిపోయాడు. గురువుగా స్థిరపడాలని కేంబ్రిడ్జిలో చదువుతున్న హ్యూ 1793 డిసెంబరు 21న, సరిగ్గా తల్లిదండ్రుల పెళ్ళిరోజున, జ్వరంతో చనిపోయాడు. తరువాతి నెలలోనే పెద్దవాడు జేమ్స్ పడవ మీద పోతూ మరణించాడు. భర్త, ముగ్గురు కొడుకులు పోయిన ఆ నాలుగు తేదీలలో ఆమె ప్రతి ఏటా ఉపవాసముండి, గదిలో బైబిలు చదువుకుంటూ గడిపేదని బంధువులు చెప్పారు.

కుక్ గీసిన పటాలు, ఓడ దినచర్యలు వందల పుటలు నేడు గ్రంథాలయాల్లో భద్రంగా ఉన్నాయి. వాటిలో గాలి, లోతు, కోణం తప్ప ఇంటి సంగతి కనిపించదు. అతడు భార్యకు రాసిన ఉత్తరాలను చనిపోయేముందు ఆమే నాశనం చేసింది. 56 సంవత్సరాల వైధవ్యం తరువాత, 1835 మే 13న, 93వ ఏట ఎలిజబెత్ కన్నుమూసింది. కేంబ్రిడ్జిలో పునీత అంద్రెయ పేరిట ఉన్న దేవాలయంలో, హ్యూ, జేమ్స్‌ల పక్కన ఆమెను సమాధి చేశారు.